దింపుడు కల్లం రేవు

ఆ పడవ ముందు రోడ్డు మీద నడిచింది, తర్వాతే నీళ్ల మీద. మక్తల్ నుంచి ఏటిపల్లి దాకా ఐలేశం ట్రాక్టరు వెనక, పాత జీపు ఇరుసు మీద వెల్డింగు చేయించిన రెండు చక్రాల ట్రాలీ ఎక్కి, తాళ్లతో బిగించుకుని వచ్చింది. దాని నడుమ బల్ల మీద జానమ్మ కూర్చుని ఉంది. దిగి తన పక్కన మడ్‌గార్డు మీద కూర్చోమని ఐలేశం దారి పొడవునా బతిమాలాడు. వరసకు మరిది కాబట్టి అంతకంటే గట్టిగా చెప్పలేడు.

"పడవ కొనుక్కొని మడ్‌గార్డు మీద కూసోమంటవా? ఎక్కేదే ఇయ్యాల, కూసోనియ్యి జర," అంది జానమ్మ.

ఏటిపల్లి చావడి దగ్గర పేకాట ఆగింది. బండ్లు, ఎడ్లు, ఎరువు బస్తాలు తప్ప ఆ రోడ్డు మీద పడవను ఎవరూ చూసి ఎరుగరు. ఒకాయన నవ్వు ఆపుకోలేక అడిగాడు.

"ఏం జానమ్మ, ఏరు రోడ్డు మీదికొచ్చిందా?"

"ఇంక రాలే. వొచ్చిననాడు మీరు కొట్టుకపోతరు, నేను కూసుంట," అంది. పేకాట మళ్లీ మొదలవడానికి చాలాసేపు పట్టింది.

జానమ్మ ఇదే ఊరి పిల్ల, ఇదే ఊరి కోడలు. మేనత్త కొడుకు మైసయ్యను చేసుకుంది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. పత్తి చేలో ఆ చివర నుంచి పిలిస్తే ఈ చివర ఉన్నవాళ్లు ఏరడం ఆపేస్తారు. ఏసుప్రభువు పాటలు ఆమె పాడితే చర్చిలో మైకు తీసేస్తారు. చిన్నప్పటి నుంచీ ఆమెకు ఒక మాట చెవికి ఎక్కదు, అది "ఎన్కకు పో" అన్న మాట. ఎందుకు ఎక్కదో ఆమె ఊరికే చెప్పదు. కథ అక్కడి దాకా వచ్చినప్పుడు చెప్పుకుందాం.

పడవ ఎందుకు కొన్నారంటే, గడ్డ కోసం. గడ్డ అంటే కృష్ణ రెండు పాయల నడుమ మిగిలిన నేల. వాళ్ల నాయినల కాలంలో సర్కారు ఆ గడ్డ మీద వాళ్ల దళితవాడలోని కుటుంబాలకు తలా కొంత పంచింది. ఊరి దగ్గర నేల ఇస్తే ఊరికి కోపం వస్తుంది కదా, అందుకని ఏటి నడుమ ఇచ్చారు. అప్పట్లో ఎండాకాలం మోకాలి లోతు నీళ్లలో నడిచి పోయేవాళ్లు. దిగువన డ్యాం కట్టి నీళ్లు నిలిపాక నడక పోయింది. భూమి మాత్రం ఎక్కడికీ పోలేదు, నీళ్లకు అవతల కళ్లెదుటే ఉంది.

ఊరికి ఒకటే రేవు. అందులో తిరిగే పుట్టి, అంటే వెదురు అల్లి పట్టా కప్పిన ఆ గుండ్రటి తొట్టి, దామోదర్ మనుషులది. దామోదర్ ఒకప్పటి సర్పంచి. పదవి పోయి ఏళ్లయినా ఊరు ఆయన్ని "పటేలా" అనే పిలుస్తుంది, ఆయనా ఆ పిలుపుకే పలుకుతాడు. ముందు ఆయన కూలీలు దాటాలి, తర్వాత ఆయన బస్తాలు, తర్వాత ఆయన మేకలు. వాడ ఆడవాళ్లు విత్తనం మూట నెత్తిన పెట్టుకుని పొద్దు నడినెత్తికి వచ్చేదాకా నిలబడాలి. కిందటి ఏడు అదీ లేకుండా పోయింది. "పుట్టికి చిల్లులు పడ్డయి, మిమ్ముల మొయ్యదు" అన్నారు. అదే పుట్టి ఆయన మేకల్ని మాత్రం మోసింది. గడ్డ మీద వాడ భూమి ఆ ఏడు బీడు పడింది.

బీడు పడాలనే ఆయన కోరిక. గడ్డ మొత్తం ఒక చెక్కగా చేతికొస్తే పుచ్చకాయ వెయ్యాలని ఆయన ఎప్పటి నుంచో చూస్తున్నాడు. "రెండేండ్లు దున్నని భూమిని సర్కారు ఊకె ఉంచుతదా, ఎవరికైన ఇచ్చేస్తది" అని చావడిలో నలుగురు వినేటట్టు అనడం మొదలుపెట్టాడు. ఆ ఎవరికైనా అన్నది ఎవరో వాడలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నిజంగా అట్లాంటి కాయిదా కానూను ఉందో లేదో జానమ్మకు తెలియదు. భూమి మాత్రం ఒకసారి దామోదర్ నాగలి కిందికి పోతే తిరిగి రాదని తెలుసు. తెలంగాణ వచ్చాక నాలుగో వానాకాలం అది. మిరుగు కార్తె వానలు పడ్డాయి. ఆరుద్ర దాటేలోగా కంది విత్తనం గడ్డ మీద పడాలి. లేకపోతే అంతే.

వాడవాళ్లు ముందు ఒక పుట్టి కొన్నారు. ఏటి ఒడ్డున బోర్లించి ఇంటికి వచ్చారు. తెల్లవారి చూస్తే దాని పట్టాను ఎవరో అడ్డంగా కోసి పెట్టారు. కోసిన చేతిని ఎవరూ చూడలేదు, ఎవరిదో అందరికీ తెలుసు. అందుకే ఈసారి చక్రాల మీద పడవ. చేపల కాంట్రాక్టరు ఒకాయన దగ్గర మూలకు పడి ఉన్న ఫైబర్ పడవ, దానికి చిన్న మోటరు. పొద్దున తీసుకుపోయి నీళ్లలో దింపడం, సాయంత్రం మళ్లీ లాక్కొచ్చి చర్చి ముందర పెట్టుకోవడం.

ఆలోచన బాగానే ఉంది. చిక్కల్లా దింపే చోటుతోనే వచ్చింది.

ఊరి రేవుకు మెట్లు. మనుషులు దిగుతారు, చక్రాలు దిగవు. మెట్ల పక్కన ఏటవాలు నేల ఒకటి ఉండేది. జానమ్మ పడవ వచ్చిందన్న కబురు అందిన మర్నాడే అక్కడ బండరాళ్లు మొలిచాయి. రేవును బాగుచేయిస్తున్నారట.

అక్కడి నుంచి కొంచెం పైకి పోతే పరుపుబండ ఉంది, చాప పరిచినట్టు నీళ్లలోకి దిగుతుంది. దాని మీద దామోదర్ మోటర్ల పైపులు అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. పైపులు దాటుకుని పోదామన్నా, నీళ్లు తగిలే చోట బండంతా పాచి. ఐలేశం ట్రాక్టరును వెనక్కి పోనిస్తుంటే బ్రేకు తొక్కినా అది ఆగలేదు. ఏదో పుణ్యాన ఒక పైపు చక్రానికి అడ్డం పడి ఆపింది. పైపు పగిలింది. ఆ సాయంత్రం తిట్లు వాడ దాకా వినపడ్డాయి.

"తిట్టనియ్యి. మన ఐలేశం బతికిండు, గంతే చాలు," అంది జానమ్మ.

మూడోసారి ఆమె చేసిన తప్పు ఏటి ఒడ్డు మనుషులే చెయ్యగలిగిన తప్పు. ఏట్లో ఎక్కడ దిగాలో తెలియకపోతే బర్రెలు దిగే చోట దిగమని ఆ పక్క ప్రతి తల్లీ బిడ్డకు చెబుతుంది. బర్రె సుడిలోకి పోదు, గుంటలోకి పోదు. జానమ్మకు వాళ్లమ్మ చెప్పింది, జానమ్మ తన కూతుళ్లకు చెప్పింది. నేరుగా పడవను బర్రెలు దిగే చోటికే తోలించింది. బర్రె దిగేది బురద కోసం అన్న సంగతి ఆ క్షణాన ఆమెకు గుర్తు రాలేదు. నల్లరేగడి. ట్రాలీ ఇరుసు దాకా కూరుకుంది, దాన్ని లాగబోయి ట్రాక్టరూ కూరుకుంది.

మైసయ్య ఒడ్డున తల పట్టుకుని కూర్చున్నాడు. ఆయనది మొదటి నుంచీ భయం స్వభావం. ఎవరైనా గట్టిగా దగ్గినా తననే అనుకుని లేచి నిలబడతాడు.

"బర్రెలు దిగితయి అంటివి," అన్నాడు.

"దిగినయి గద. దాంట్ల తప్పేముంది? బర్రెకు చక్రాలు లెవ్వు, మనకున్నయి. గది మర్సిన," అంది జానమ్మ, మోకాళ్ల దాకా బురదలో నిలబడి. అవతల గడ్డ కనిపిస్తూనే ఉంది. దాని మీద బీడు పడకముందటి కంది మోళ్లు ఎండి నిలబడి ఉన్నాయి.

ఇంకో ట్రాక్టరు వచ్చి లాగేదాకా చెయ్యడానికేం లేదు. అప్పుడు డప్పులు వినిపించాయి. కిరాణం అంజన్న పొద్దున పోయాడు, ఊరు ఆయన్ని తీసుకొస్తోంది. జానమ్మ చేతులు కడుక్కుని నిలబడి దండం పెట్టింది. దండం పెడుతూనే చూపు కిందికి దించింది.

"ఐలేశం, జూడు."

"పీనుగునేం జూస్తం వదినా, దండం పెట్టుకో."

"పీనుగును గాదు, మోసేటోళ్ల కాళ్లను జూడు."

నలుగురు మోస్తున్నారు. అంజన్న బరువైన మనిషి. వాళ్ల చూపు ముందుకే ఉంది, ఒక్కడూ కాలి కింద చూసుకోవడం లేదు. ఒక్కడి అడుగూ తడబడలేదు. ఊళ్లోంచి ఏటి దాకా ఎక్కడా ఎత్తుపల్లం లేకుండా, రెండు బండ్లు పక్కపక్కన పట్టేంత వెడల్పుగా ఉంది ఆ బాట. ఏటిపల్లిలో అంత బాట ఇంకోటి మిగల్లేదు. గెట్టు జరిపి జరిపి ఊరి బాటలన్నీ తన చేలల్లో కలుపుకున్న దామోదర్, ఈ ఒక్క బాటను గోరంత కూడా ముట్టుకోలేదు. అందరూ ఒకరోజు దాని మీదుగా పోవాల్సిందే, ఆయన కూడా. దానికి అడ్డం పోయినవాడి ఇంటికి ఆ బాటే నడిచి వస్తుందని ఊరికి నమ్మకం.

బాట నీళ్లను తాకే చోట పాడెను దింపారు. దింపుడు కల్లం అంటారు దాన్ని. కాటికి పోయే ముందు అక్కడ ఒకసారి దింపి, దగ్గరివాళ్లు చెవి దగ్గర పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలనైనా ఉంటే పలుకుతారని ఆశ. అంజన్న పెద్దకొడుకు వంగి "నాయినా" అని పిలిచాడు. అంజన్న పలకలేదు. జానమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది.

మర్నాడు పొద్దున జానమ్మ ముల్లుకర్ర పట్టుకుని ఒక్కతే అక్కడికి పోయింది. నేలను పొడిచి చూసింది. గట్టి మొరం, కంకర కలిసిన నేల. నీళ్లలోకి దిగి నడుము లోతు దాకా పోయింది, కాలి కింద అదే మొరం, అదే వాలు. డ్యాం గేట్లెత్తి నీళ్లు దిగిపోయినా, వరదొచ్చి పైకెక్కినా ఇక్కడ పడవ దిగుతుంది. తడిచీరతో ఇంటికి వచ్చి మొగుడికి చెప్పింది. మైసయ్య చేతిలో ముద్ద పళ్లెంలో పడిపోయింది.

"నీకు మతిగిన పోయిందా? అది మనది గాదు. మన పీనుగులనే ఆడ దింపనియ్యలే వాళ్లు."

"పీనుగులను దింపనియ్యలే. పడవను దింపొద్దని ఎవ్వరు చెప్పలే."

"సావు జాగల పడవ దింపుతరా ఎవరన్న?"

"మనం బతికి దిగనీకి వాళ్లు జాగ ఏడుంచిన్రు? ఉంటే జెప్పు, ఆడనే దింపుత," అంది.

పీనుగుల మాట నోరు జారినందుకు మైసయ్యకే నాలుక కొరుక్కోవాలనిపించింది.

జానమ్మకు పదిహేనేళ్లున్నప్పటి సంగతి. వాళ్ల బాపు సాల్మన్ శ్రావణంలో పోయాడు. వాడవాళ్లు శవాల్ని పూడ్చుకునే బొందలగడ్డ వేరే ఉంది, దాని దారి అప్పుడు వాగు పొంగి మునిగిపోయింది. వేరే గతిలేక శవాన్ని ఈ బాట మీదుగా తెచ్చారు. దింపుడు కల్లం దాకా వచ్చారు, భుజాలు నొప్పి పెట్టి ఒక్క నిమిషం దింపబోయారు. అప్పటికి పటేలు దామోదర్ వాళ్ల నాయిన. "ఈడ దింపొద్దు. ఎన్కకు పోండ్రి" అన్నాడు. ఎదురు చెప్పేవాళ్లు ఆ రోజు ఎవరూ లేరు. సాల్మన్‌ను భుజాల మీది నుంచి దించకుండా వచ్చిన దారినే తిప్పి, తొడల దాకా బురదలో వాగు దాటించారు. ఎవరో జారారు. శవం ఒకవైపు ఒరిగింది. పదిహేనేళ్ల పిల్ల పక్క నుంచి తండ్రి తలను చేత్తో పట్టుకుని నడిచింది. అవతల గొయ్యి నీళ్లతో నిండుతోందని తొందరపడి పూడ్చారు. ఎక్కడా దింపలేదు, ఎవరూ చెవి దగ్గర పిలవలేదు. ఆ కోపం ఆమెలో ముప్పై ఏళ్లుగా చల్లారలేదు, చల్లారాలని ఆమె కోరుకోనూ లేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి ముందు నుంచే ట్రాక్టరు బయలుదేరింది. వెనక పడవ, దాని వెనక విత్తనం మూటలతో వాడ ఆడవాళ్లు. అందరికంటే వెనక మైసయ్య, తాను వీళ్లతో వస్తున్నాడో ఊరికే అటు పోతున్నాడో ఎవరికీ తెలియనంత దూరంలో.

కబురు ముందే పోయింది. దింపుడు కల్లం దగ్గర దామోదర్ నలుగురు మనుషులతో నిలబడి ఉన్నాడు.

"ఏమే జానమ్మ, గిదేం జాగనో తెలుసా?"

"తెలుసు పటేలా. దింపుడు కల్లం."

"తెలిసి పడవ తెచ్చినవా? ఊరికి అరిష్టం."

"దింపుడు కల్లం అంటే దింపేటందుకే గద. మేం దింపుతున్నం."

వెనక ఎవరో ఆడమనిషి ఫక్కున నవ్వి నోరు మూసుకుంది. దామోదర్ ముఖం మాడింది. ఆయన తన డ్రైవరు శివకుమార్ వైపు తిరిగాడు. "బండి తెచ్చి బాటకు అడ్డం పెట్టురా. ఎట్ల పోతరో జూస్త."

శివకుమార్ ట్రాక్టరు ఎక్కలేదు. చేతిలో తాళంచెవి తిప్పుతూ నేల చూశాడు. "పటేలా, ఏడన్న పెట్టుమను పెడ్త. గీ బాటకు అడ్డం నేను పెట్ట. ఇంట్ల మా అమ్మ మంచంల ఉన్నది."

దామోదర్ మిగతా ముగ్గురి వైపు చూశాడు. ముగ్గురికీ ఏట్లో చూడదగ్గది ఏదో కనిపించింది, అటు చూస్తున్నారు.

"పాపం వాళ్లనెందుకు తిప్పలు పెడ్తవ్ పటేలా," అంది జానమ్మ మెత్తగా. "నీ బండి, నీ ఊరు. నువ్వే తెచ్చి అడ్డం పెట్టు. నేను ఒక్క మాటంటే అడుగు."

ఆయన తాళంచెవి తీసుకున్నాడు. ట్రాక్టరు దాకా పోయాడు. మెట్టు మీద కాలు పెట్టాడు. అక్కడ ఆగాడు. ఊరిని భయపెట్టి బతికిన మనిషికి కూడా లోపల భయం ఉంటుంది. కాలు దించి, తాళంచెవి జేబులో వేసుకుని, "పోండ్రి. ఆ పడవ ఎవరెక్కుతరో నేను గూడ జూస్త" అని బాట పక్కకు జరిగి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఐలేశం ట్రాలీని వెనక్కి తోలాడు. మొరం మీద చక్రాలు కరకరలాడుతూ దిగాయి, ఎక్కడా కూరుకోలేదు, జారలేదు. నీళ్లు ఇరుసు దాటాక తాళ్లు విప్పితే పడవ దానంతట అదే తేలింది. జానమ్మ ఎక్కి నిలబడి వెనక్కి చూసింది.

ఒక్కరూ కదల్లేదు.

దామోదర్‌ను చూసి ఆగలేదు వాళ్లు. నేలను చూసి ఆగారు. పాడె దింపిన చోట అంజన్న మీద చల్లిన పేలాలు ఇంకా ఉన్నాయి. సుక్కమ్మ, వాడలో ఎవరికీ తీసిపోని మొండిమనిషి, మూట నెత్తిన పెట్టుకుని నీళ్ల అంచున నిలబడిపోయింది.

"జానమ్మ, ఏమనుకోకు బిడ్డ. ఈడికెంచి దిగినోళ్లు మల్ల రారు. నాకు మనుమలున్నరు."

దామోదర్ నవ్వాడు. పెద్దగా కాదు, వినపడేంత.

బండరాళ్లు, పాచి, బురద, పటేలు, అన్నీ దాటి ఇక్కడికి వస్తే, జానమ్మను ఆపింది తన సొంత మనుషులు. వాళ్లను తప్పు పట్టడానికీ లేదు. వెనక్కి తిరగమంటే ట్రాక్టరు తిరుగుతుంది. ఆరుద్ర పోతుంది, గడ్డ పోతుంది. ఆమె ఆ పేలాల వైపే చూసింది. నిన్నమొన్న అంజన్న కొడుకు వంగిన చోటు అది.

అప్పుడు ఊపిరి నిండా పీల్చుకుని, పత్తి చేలో పిలిచే గొంతుతో పిలిచింది.

"సుక్కక్కా!"

ఇంత దగ్గర నిలబడి అంత గొంతుతో పిలిస్తే సుక్కమ్మ ఉలిక్కిపడింది. "ఓ," అంది.

"పలికినవ్ గద?"

"పలికిన. ఏందే?"

"ఈడ పిలిస్తే పలకనోళ్లు అటు పోతరు," అని కాటి వైపు చెయ్యి చూపింది. "నువ్వు పలికినవ్. నువ్వు బతికున్నవ్. ఇటు రా, ఎక్కు."

సుక్కమ్మ మూట పడవలోకి విసిరి, చీర ఎగగట్టి, నీళ్లలో అడుగు పెట్టింది.

"నాగరాణీ!"

"ఓ!"

"తిరుమలా!"

"వస్తున్న వదినా."

ఒక్కొక్క పేరూ పిలిచింది. ఒక్కొక్కరూ పలికారు, ఎక్కారు. చివరికి వచ్చేసరికి పిలవకముందే పలుకుతున్నారు. ఒడ్డున మైసయ్య ఒక్కడే మిగిలాడు. దామోదర్‌కు, నీళ్లకు సరిగ్గా మధ్యన నిలబడి ఉన్నాడు.

"ఓ అయ్యా!" అని పిలిచింది. ఆయన పలకలేదు. "మైసయ్యా!" పడవలో ఆడవాళ్లంతా ఆయన వైపు తిరిగారు. "మైసయ్యా! మూడోపారి పిలుస్తున్న. పలుకుతవా, ఏడుపు మొదలువెట్టాల్నా?"

"ఉన్న, ఉన్న," అని మైసయ్య పరుగెత్తాడు. ఆ నవ్వులకు పడవ ఊగింది.

ఆయన ఎక్కి మోటరు తాడు చేతికి చుట్టుకున్నాడు. జానమ్మ ఆగమని చెయ్యి ఎత్తింది. నవ్వులు ఆగాయి. ఆమె పడవ అంచుకు వచ్చి, నేల వైపు వంగింది, ఎవరి చెవి దగ్గరికో వంగినట్టు. ఈసారి పెద్ద గొంతు కాదు.

"బాపూ," అంది. కాసేపు ఆగింది. "బాపూ." మళ్లీ ఆగింది. "బాపూ, నేను జానిని."

నీళ్లు పడవకు తగులుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. సుక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాడలో జానమ్మ ఈడువాళ్లకు సాల్మన్‌ను వెనక్కి తిప్పిన ఆ రోజు గుర్తుంది. దామోదర్‌కూ గుర్తుంది, కట్టుకున్న చేతులు విప్పేశాడు.

జానమ్మ లేచి, కళ్లు తుడుచుకోకుండానే ఆయన వైపు తిరిగింది.

"అయిపోయింది పటేలా. ఆనాడు మీ నాయిన దింపనియ్యలే. ఇయ్యాల నేను మా బాపును గూడ దింపిన," అంది.

మైసయ్య తాడు లాగాడు. మోటరు మొదటి లాగుకే అందుకుంది. పడవ గడ్డ వైపు తిరిగింది.